మొలతాడుకు అందని కొలత

మలక్‌పేట మార్కెట్ వెనక సందులో నాకు పాతికేళ్లుగా ప్యాంట్లు కుట్టే దర్జీ ఒకాయన ఉన్నాడు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ మాస్టరే. ఏటా దసరాకు ముందు వెళ్తాను. మెడలో వేలాడే టేపు తీసి నడుముకు చుట్టి, "ముప్పై నాలుగే సార్, ఏం మారలే" అంటాడు. ఆ మాట వినడానికే వెళ్తానేమో కూడా.

పోయినసారి మాత్రం టేపు ఎక్కడ పడుతోందో గమనించాను. బొడ్డుకు నాలుగు వేళ్ల కింద, పొట్ట వంపు తిరిగి లోపలికి పోయే చోట. "మాస్టర్, ఒక్కసారి బొడ్డు మీద పెట్టి చూడు" అన్నాను. ఆయన వింతగా చూసి, "ఆడ ప్యాంటు ఎవరు కడ్తరు సార్" అంటూనే చుట్టాడు. 39 అంగుళాలు. అంటే 99 సెంటీమీటర్లు. పాతికేళ్లలో నా ప్యాంటు సైజు మారలేదు, ప్యాంటు నిలిచే చోటు మారింది. పొట్ట పెరిగిన కొద్దీ అది కిందికి జారుకుంటూ వచ్చింది, నేను సంతోషిస్తూ వచ్చాను.

మొలతాడూ అంతే. పసితనంలో నడుముకు కట్టిన ఆ తాడుకు పొట్ట సంగతి అందరికన్నా ముందే తెలియాలి. కానీ బిగుతుగా అనిపించగానే ముడి వదులు చేసి ఇంకాస్త కిందికి దించుకుంటాం.

అందుకే వైద్యులు టేపును ప్యాంటు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన పెట్టమంటారు. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. టేపు లేకపోతే ఒక దారం చాలు. మీ ఎత్తుకు సరిపడా దారం తెంపి, సగానికి మడిచి, ఆ సగాన్ని నడుముకు చుట్టండి. కొసలు కలిస్తే సరే. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, సగం 84. కొసల మధ్య రెండు బెత్తెలంత ఖాళీ మిగిలింది. ఆ దారాన్ని క్యాలెండర్ మేకుకు తగిలించాను, కళ్ల ముందు ఉంటుందని.

నేనొక్కడినే అయితే ఇదంతా రాసేవాడిని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా నడుము, తుంటి కొలతలు కూడా తీశారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 57 శాతం మందికి, మగవాళ్లలో 48 శాతం మందికి నడుము-తుంటి నిష్పత్తి ప్రమాదకరమైన హద్దు దాటి ఉంది. అదే సర్వేలో బరువు లెక్కన ఊబకాయులుగా తేలినవాళ్లు ఇందులో సగం కూడా లేరు. అంటే త్రాసు మీద సన్నగా కనిపించి, టేపు దగ్గర దొరికిపోయేవాళ్లు మనలో కోట్లలో ఉన్నారు.

దీనికి వైద్యలోకంలో ఒక ప్రసిద్ధమైన ఫొటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒకటే, 22.3. ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. స్కాన్ చేస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! ఇండెక్స్ ఒకటే, సరుకు వేరు. పుట్టుకలోనే ఈ తేడా మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం చూపింది. పుణే పల్లెల్లో పుట్టిన బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం దాదాపు అంతే. తరతరాల అర్ధాకలి నేర్పిన పొదుపు కావచ్చు అది. ఆ పొదుపు ఖాతాలోకి ఇప్పుడు రోజుకు మూడు పూటలా, మధ్యమధ్య సమోసాలతో సహా జమ పడుతోంది.

పొట్ట దగ్గర కొవ్వు రెండు అరల్లో ఉంటుంది. వేళ్లతో పట్టుకుంటే ముడత పడేది చర్మం కిందిది. చూడ్డానికి బాగోకపోయినా అది కొంత మంచిదే. వేళ్లకు చిక్కనిది, పేగుల చుట్టూ, వాటిని పట్టి ఉంచే పొరల్లో పేరుకునేది రెండోది. గట్టిగా, డోలులా ఉండే బానపొట్ట దానిదే. దాని రక్తం నేరుగా కాలేయానికి వెళ్లే సిరలో కలుస్తుంది. అక్కడి కొవ్వు కరిగినప్పుడల్లా ఆ ఆమ్లాలు ముందు కాలేయం గుమ్మం తొక్కుతాయి. కాలేయానికి కొవ్వు పడుతుంది, ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో మన నగరపు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు కనిపించింది. వాళ్లంతా కుర్చీకి అతుక్కుపోయినవాళ్లు కదా అంటారేమో. మార్కెట్‌లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్ల కుర్చీలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పిల్లలు కూర్చునే బెంచీలు ఏమంత వేరు?

ఇక కరిగించే సంగతి. పడుకుని లేచే కసరత్తులు రోజుకు వంద చేసినా పొట్ట మీది కొవ్వు ప్రత్యేకంగా పోదు. పొట్ట కండ గట్టిపడుతుంది, దాని మీది దుప్పటి అలాగే ఉంటుంది. ఒళ్లు ఇంధనం కోసం కొవ్వును ఏ అరలోంచి తీయాలో మనల్ని అడగదు. అయితే ఒక మంచి కబురుంది. మొత్తంగా బరువు తగ్గడం మొదలైతే లోపలి అర చర్మం కింది అరకన్నా తొందరగా ఖాళీ అవుతుంది. త్రాసు కదలకపోయినా టేపు కదిలే వారాలు అందుకే ఉంటాయి.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది? చెమటగా పోతుందని కొందరు, వేడిగా మారుతుందని కొందరు, విరేచనంలో పోతుందని ఇంకొందరు. ఆస్ట్రేలియాలో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ ఇదే ప్రశ్న డాక్టర్లనూ, ఆహార నిపుణులనూ అడిగితే వాళ్లలోనూ ఎక్కువమంది తప్పే చెప్పారు. 2014లో ఆ ఇద్దరూ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ముక్కులోంచి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీళ్లు. మనం కొవ్వును ఊపిరిగా వదులుతాం! అలాగని కూర్చున్నచోటే గబగబా శ్వాస వదిలితే ప్రయోజనం లేదు, తల తిరుగుతుంది. ముందు కండలో కాలాలి, తర్వాతే పొగ బయటికి వస్తుంది. కాలడానికి నడవాలి, బరువులు ఎత్తాలి, మెట్లెక్కాలి. మలక్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ పక్కనే ఉన్న మెట్లు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి.

తిండి దగ్గరికి వస్తే తెలుగువాళ్లంత ప్రయోగశీలులు ఇంకెక్కడా ఉండరనిపిస్తుంది. మా ఇంట్లోనే పాతికేళ్లలో మూడు ఉద్యమాలు నడిచాయి. మొదట మంతెన సత్యనారాయణరాజు గారి పుణ్యాన ఉప్పు, నూనె లేని కూరలు, పచ్చి కూరగాయల రసాలు, లీటర్లకు లీటర్లు నీళ్లు. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి, పూర్తిగా దానికి ఎదురు. అన్నం, చక్కెర బంద్, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు. ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, ఊదలు, సామలు. ఒక అల్మారాలో నూనె లేని కూరల పుస్తకం, దాని పక్కనే కొబ్బరినూనె డబ్బా, కింద అరికెల సంచి. ముగ్గురూ ఒకరితో ఒకరు ఏకీభవించరు. కానీ మూడు పద్ధతుల్లోనూ కొందరికి నడుము నిజంగానే తగ్గింది. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. ముగ్గురూ కంచంలోంచి తీసేసినవి చూస్తే జవాబు దొరికింది: తెల్లన్నం గుట్ట, చక్కెర, బయటి నూనె సరుకు. ఏం తినమన్నారన్నదాని మీద కొట్లాడుకున్నాం. ఏం మానమన్నారన్న చోట ముగ్గురిదీ ఒకే మాట.

పెట్టుకున్నది కూడా తేడా చేస్తుంది, కాదనను. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 2021లో 11 దేశాల నుంచి వచ్చిన 65 అధ్యయనాలను కలిపి చూశారు. చిరుధాన్యాల గ్లైసీమిక్ సూచీ సగటున 52.7, పాలిష్ బియ్యం కన్నా బాగా తక్కువ. కానీ తెల్లన్నం గుట్ట స్థానంలో కొర్రన్నం గుట్ట పెట్టుకుంటే కేలరీలు ఎక్కడికీ పోవు. అసలు లెక్క తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన శాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీల మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, పాలు లేదా పెరుగు 300, నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండక ముందు తూకాలు. ఒకరోజు వంటింట్లో త్రాసు పెట్టి చూశాం. మా ధాన్యం లెక్క రాత్రి భోజనానికి ముందే దాటిపోయింది. కూరగాయలు ఇంటిల్లిపాదికీ కలిపి కిలో లేవు. మా అత్తగారు ఆ 400 గ్రాముల కుప్ప చూసి, "ఇది మనిషికా, బర్రెకా?" అన్నారు.

చక్కెరకు ఆ సంస్థ గీసిన హద్దు రోజుకు 25 గ్రాములు. ఇరానీ చాయ్ కప్పుకు రెండు చెంచాలనుకుంటే నాలుగు చాయ్‌లకు 40. ఉస్మానియా బిస్కెట్లు లెక్కలో వేయడం లేదు, వాటి మీద నాకు కాస్త పక్షపాతం.

ఇంతవరకు కొవ్వు కథ. కానీ పొట్ట అనగానే మనవాళ్లు చెప్పేది కొవ్వు గురించి కాదు, గ్యాస్ గురించి. కడుపుబ్బరం, పుల్లటి తేనుపులు, తెమలని విరేచనం. నేను రెండు వారాలు పొద్దున లేవగానే, రాత్రి భోజనమయ్యాక టేపు పెట్టి రాసుకున్నాను. రాత్రి కొలత రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఎక్కువ. పొద్దున్నే మళ్లీ మామూలే. కొవ్వు పన్నెండు గంటల్లో వచ్చి పోదు. అంటే ఒక్క చొక్కా కింద రెండు పొట్టలున్నాయి. ఒకటి నెలల్లో పెరిగేది, ఒకటి పూటల్లో పెరిగేది. రెండింటికీ ఒకే చూర్ణం ఇస్తామనే ప్రకటన చూస్తే, అమ్మేవాడు టేపు రెండుసార్లు పెట్టలేదని అర్థం.

పూటల పొట్ట సంగతి తెలియాలంటే తెల్లవారుజామున మలక్‌పేట మార్కెట్‌కు వెళ్లాలి. మహబూబ్ మాన్షన్ యార్డులో లారీల నుంచి ఉల్లి బస్తాలు దిగుతుంటాయి. మహారాష్ట్ర ఉల్లి, కర్నూలు ఉల్లి. హమాలీల కాళ్ల కింద ఎండుపొర గలగలమంటుంది. ఒక గడ్డ చేతిలోకి తీసుకోండి. ఆలుగడ్డ తన సత్తువను పిండిగా దాచుకుంటుంది. ఉల్లి అలా కాదు. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరను గొలుసుగా అల్లి పొరపొరలో దాచుకుంటుంది. ఆ గొలుసు పేరు ఫ్రక్టాన్. దాన్ని తెంచే కత్తెర, అంటే ఎంజైము, ఏ మనిషి పేగులోనూ లేదు. రాజుకూ లేదు, హమాలీకీ లేదు. అది అరగకుండా చిన్నపేగు దాటి, దారిలో నీటిని తన వైపు లాక్కుంటూ పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు దానికోసమే కాచుకుని ఉంటాయి. అవి తింటాయి, గ్యాస్ వదులుతాయి.

మరి అందరూ ఉల్లి తింటున్నారు, కొందరికే ఎందుకు బాధ? 2017లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ఇలాంటి చక్కెరలు తాగించి ఎంఆర్‌ఐ తీశారు. పేగు చికాకు జబ్బు, మన డాక్టర్లు ఐబీఎస్ అనేది, ఉన్నవాళ్ల పేగులోనూ లేనివాళ్ల పేగులోనూ గ్యాస్ దాదాపు ఒకే మోతాదులో కనిపించింది. తేడా గ్యాస్‌లో లేదు, పేగు నరాల్లో ఉంది. ఒకరి పేగు పట్టించుకోని సాగుడు ఇంకొకరి పేగుకు నొప్పి. "ఏమీ లేదు, అంతా మీ భ్రమ" అని రిపోర్టులు చూసి పంపించేసిన ఎందరో అక్కచెల్లెళ్లకు ఈ ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. నొప్పి నిజమే, స్కానింగులో కనబడే చోట లేదంతే.

గోధుమలోనూ ఫ్రక్టాన్లే ఉన్నాయి. బియ్యంలో లేవు. ఇక్కడే నడుము కథ, పేగు కథ అడ్డం తిరుగుతాయి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో సాయంత్రం ఏడు దాటితే కర్రీ పాయింట్ల ముందు పుల్కాల కోసం వరస. పొట్ట తగ్గాలని రాత్రి అన్నం మానేసి నాలుగు పుల్కాలు, ఉల్లి మసాలా కూర, పచ్చి ఉల్లి చక్రాలు. రెండు గంటలకు పొట్ట ఢమరుకం. "గోధుమ పడట్లేదు, గ్లూటెన్ అట" అని ఎవరో చెబుతారు. ఓస్లోలో 2018లో ఇలాంటివాళ్లు 59 మందికి ఏది ఏదో తెలియకుండా గ్లూటెన్, ఫ్రక్టాన్ విడివిడిగా పెట్టి చూస్తే ఉబ్బరం తెచ్చింది ఫ్రక్టాన్, గ్లూటెన్ కాదు. సీలియాక్ అనే అసలు గ్లూటెన్ జబ్బు వేరు, దానికి రక్తపరీక్ష ఉంది, గోధుమ మానక ముందే చేయించుకోవాలి. మిగతావాళ్లు కొలిచి పెట్టుకున్న ఒక కప్పు అన్నం, దానికి రెట్టింపు కూరతో పడుకోవచ్చు. అన్నానికి పడ్డ శిక్షలో సగం గుట్టదే కానీ అన్నానిది కాదు.

ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి ఈ పులిసే చక్కెరలన్నిటినీ ఒక జాబితాగా చేసి, వాటిని కొన్నాళ్లు ఆపి చూసే పద్ధతి తెచ్చారు. జాబితా చూస్తే మన వంటిల్లే: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు, మామిడిపండు. కంగారు పడక్కర్లేదు, ఇది జీవితకాలపు పథ్యం కాదు. మూడు, నాలుగు వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెట్టి ఏది పడటం లేదో పట్టుకునే దొంగాట. ఆహార నిపుణుల సాయంతో ఆడితే మంచిది. ఎక్కువకాలం ఆపితే ఆ ఫ్రక్టాన్ మీద బతికే మంచి సూక్ష్మజీవులు పస్తులుంటాయి. పేగు బాగున్నవాళ్లకు ఉల్లి ఔషధం లాంటిదే.

మా ఆవిడకు ఉల్లి పడదని అలా తేలింది. ఉల్లి లేని తెలుగు వంటా? కానీ ఫ్రక్టాన్ నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఉల్లి పెద్ద ముక్కలుగా నూనెలో వేయించి, ముక్కలు తీసేసి, ఆ నూనెతో పోపు పెడితే వాసన ఉంటుంది, బాధ ఉండదు. ఉల్లికాడల్లో పచ్చభాగం వాడుకోవచ్చు. వెల్లుల్లికీ ఇదే చిట్కా. పులుసులో మాత్రం కుదరదు. నీళ్లలో ఉడికితే ముక్క తీసేసినా ఫ్రక్టాన్ పులుసులోనే ఉంటుంది. పప్పులది ఇంకో రకం గొలుసు చక్కెర. అదీ నీటిలో దిగిపోతుంది. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయమని మా అమ్మమ్మ ఎందుకు చెప్పేదో ఇప్పటికి అర్థమైంది. మొలకెత్తిస్తే ఆ చక్కెరను మొలకే తినేస్తుంది. ఇంగువ సంగతి అడిగితే, డబ్బాలో దొరికే పొడిలో సగం పైగా పిండే ఉంటుంది, చాలాసార్లు గోధుమ పిండి.

పాల విషయంలో మనకు పుట్టుకతోనే ఒక పేచీ ఉంది. పెద్దయ్యాక పాలను అరిగించుకునే జన్యుమార్పు ఉత్తర, పశ్చిమ భారతంలో కొంత, పశుపోషక జాతుల్లో ఎక్కువ, దక్షిణాదిలో బాగా తక్కువ. తార్నాక పక్కన హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2012 అధ్యయనంలో తేలిన సంగతి ఇది. గ్లాసెడు పాలు పడనివాళ్లకు పెరుగు పడుతుంది. తోడుపెట్టిన సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత ముందే తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమునూ తెచ్చిపెడతాయి. తెలుగువాడి భోజనం మజ్జిగతో ముగియడం వట్టి రుచి కోసం కాదేమో.

తిన్న కాసేపటికే పొట్ట ముందుకు పొడుచుకొచ్చేవాళ్ల మీద బార్సిలోనాలో స్కాన్లు తీస్తే ఒక విచిత్రం కనిపించింది. లోపల గ్యాస్ పెద్దగా పెరగలేదు. మామూలు మనిషికి భోజనం చేసినప్పుడు ఊపిరితిత్తుల కింది పొర, అంటే డయాఫ్రం, కొంచెం పైకి లేచి పొట్టకు చోటిస్తుంది. వీళ్లకు అది కిందికి దిగి నొక్కుతోంది, ముందు కండరం వదులవుతోంది. శిక్షణతో దీన్ని సరిచేయవచ్చని కూడా చూపించారు. పొట్టతో నింపాదిగా ఊపిరి తీసుకునే అభ్యాసం మనకు కొత్తేం కాదు. 2012లో ఆస్ట్రియాలోని గ్రాజ్ డాక్టర్లు ఇలాంటి శ్వాస అభ్యాసాలతో పుల్లటి తేనుపులు తగ్గుతాయని చిన్న ప్రయోగంలో గమనించారు. డయాఫ్రం అన్నవాహిక చివర వాల్వులా పనిచేస్తుంది కనుక అది బలపడితే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది.

ఈ తేనుపుల దగ్గరే నెలల పొట్టా, పూటల పొట్టా కలుసుకుంటాయి. లోపలి కొవ్వు జీర్ణాశయాన్ని కింద నుంచి నొక్కుతుంది, ఆమ్లం గొంతుకు తన్నుకొస్తుంది. నడుము తగ్గితే మంట తగ్గడం అందుకే. అంతవరకు రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుక పెట్టడం. షాపు షట్టర్ పదిన్నరకు దించి పదకొండుకు తినే మా పేటలో మొదటిది చెప్పినంత తేలిక కాదు. ఏడింటికే షాపులో డబ్బా విప్పి తినేసి, ఇంటికెళ్లి మజ్జిగతో సరిపెట్టుకునే ఒక చెప్పుల షాపాయన నాకు తెలుసు.

మెడికల్ షాపులో "గ్యాస్ బిళ్ల" పేరుతో అడిగేవి నిజానికి గ్యాస్‌వి కావు, ఆమ్లాన్ని ఆపేవి. పుండు ఉన్నవాళ్లకు ప్రాణం నిలిపే మందులే. కానీ చీటీ లేకుండా ఏళ్లతరబడి మింగితే ఒక చిక్కుంది. డెన్మార్క్‌లో 2009లో ఏ జబ్బూ లేని 120 మందితో ప్రయోగం చేశారు. ఎనిమిది వారాలు ఈ బిళ్ల వాడి ఆపిన వాళ్లలో 44 శాతం మందికి కొత్తగా మంట, తేనుపులు మొదలయ్యాయి. ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లలో అది 15 శాతమే. ఆపగానే మంట వస్తే "చూశావా, బిళ్ల లేకపోతే నాకు కుదరదు" అనుకుంటాం. అది బిళ్ల పెట్టిన మంట కావచ్చు. డాక్టర్ను అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

మలబద్ధకానికి ఇసబ్గోల్ పొట్టు నిజంగా పనిచేసే ఇంటి మందు, నీళ్లు దండిగా తాగితేనే. దానితోపాటు కూర్చునే తీరు. పెద్దపేగు చివర ఒక కండరం ఉచ్చులా బిగించి ఉంటుంది, గొంతుకూర్చుంటే సడలుతుంది. ఇజ్రాయెల్‌లో డోవ్ సికిరోవ్ 2003లో 28 మందితో గడియారం పెట్టి చూశాడు. గొంతుకూర్చుంటే 51 సెకన్లు, ఎత్తు కమోడ్ మీద 130. కమోడ్ ముందు ఒక చిన్న పీట వేసుకుంటే సగం దారి వెనక్కి వచ్చినట్టే.

సహజం అన్న ముద్ర ఉన్నంత మాత్రాన కాలేయం కనికరించదు. బరువు తగ్గిస్తాయని అమ్మే గార్సీనియా గుళికలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఎన్నో దేశాల్లో నమోదయ్యాయి. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి కాలేయం వాచినవాళ్ల గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. వంటలో పసుపు వేరు, గుళికల్లో గాఢంగా నింపిన పసుపు సారం వేరు. తేనె-నిమ్మరసం వేడినీళ్లు కొవ్వును కరిగించవు. కాకపోతే చాయ్ బదులు అవి తాగితే ఒక చాయ్ తగ్గుతుంది. పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలున్న సంగతి మరవకుండా ఉంటే.

విరేచనంలో రక్తం పడటం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, మింగడం కష్టం కావడం, నిద్రలోంచి లేపే కడుపునొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన తేడాలు. వీటిలో ఏ ఒక్కటున్నా చిట్కాలన్నీ పక్కన పెట్టి నేరుగా పేగుల డాక్టర్ దగ్గరికే.

నిద్ర గురించి ఎవరూ నమ్మరు కానీ, 2022లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 12 మందిని రెండు వారాలు రాత్రికి నాలుగు గంటలే పడుకోనిచ్చారు. రోజుకు 300 కేలరీలు ఎక్కువ తిన్నారు. బరువు పెరిగింది అరకిలోనే, లోపలి కొవ్వు మాత్రం 11 శాతం. హాస్టళ్లలో రెండింటి వరకు చదివి, బండి మీద మిర్చిబజ్జీ తిని పడుకునే పిల్లలకు ఇది ఎవరైనా చెప్పాలి.

నేను చేసింది పెద్దదేమీ లేదు. చాయ్‌లు రెండుకు తగ్గాయి. అన్నం కప్పుతో కొలిచాం, కూర పెరిగింది. భోజనం తర్వాత పావుగంట నడక. కండలు చక్కెరను లాక్కునే వేళ అది. ఆదివారాలు వీఎం హోం మైదానంలో కాస్త ఎక్కువ. నాలుగు నెలల్లో త్రాసు మీద మూడు కిలోలు కూడా తగ్గలేదు. క్యాలెండర్ మేకుకున్న దారం తీసి చుట్టుకుంటే రెండు బెత్తెల ఖాళీ బెత్తెడుంబావుకు వచ్చింది. టేపు మీద 94.

పండక్కి మళ్లీ మాస్టర్ దగ్గరికి వెళ్లాను. ఎప్పటి చోటే, బొడ్డుకు నాలుగు వేళ్ల కింద, టేపు చుట్టాడు.

"ముప్పై నాలుగే సార్, ఏం మారలే."